నీళ్ల వంతూ పరీక్షల వారమూ ఒకేసారి వస్తే

ప్రశ్న: మాకు ఏడుగురు పిల్లలు. పెద్దాడికి 17 ఏళ్లు, తర్వాత 15 ఏళ్ల అమ్మాయి, 13 ఏళ్ల అబ్బాయి, పదేళ్ల కవల ఆడపిల్లలు, ఏడేళ్ల బాబు, ఆఖరున నాలుగేళ్ల పాప. పొలం ఆరెకరాలు. నాలుగెకరాల్లో మొక్కజొన్న చాళ్లు, రెండెకరాల్లో డ్రిప్పు మీద కూరగాయలు. మోటారు ఉంది. పది రోజులకోసారి కాలువ వంతు కూడా వస్తుంది. సాయంత్రం ఆరింటికి మొదలైతే తెల్లారేదాకా నీళ్లు కట్టాలి. మూడు వారాల్లో బడి అయిపోతుంది, అంటే పరీక్షలన్నీ ఇప్పుడే. రెండో వంతు సరిగ్గా పెద్దాడి లెక్కల పరీక్ష ముందు రాత్రి పడింది. వాణ్ని ఆ రాత్రి వదిలేయమంటే మా ఆయన "నీళ్లు పరీక్షల కోసం ఆగుతాయా?" అంటారు. ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని కూలీని పిలుస్తారా అని మా అత్తగారు. మా పెద్దమ్మాయేమో "మీకందరికీ సెలవులు, నాకు మాత్రం ఎప్పుడూ లేవు" అని మొన్న ఏడ్చింది. పరీక్షలు గట్టెక్కేదెలా? సెలవుల్లో పొలం పని పిల్లలకు గొడవల్లేకుండా ఎలా పంచాలి?

జవాబు: అమ్మా, మీ ఆయన అన్నది నిజమే, నీళ్లు ఆగవు. పరీక్ష కూడా ఆగదు. కాకపోతే నీటి వంతు మళ్లీ పది రోజులకు వస్తుంది, లెక్కల పరీక్ష అంత తేలిగ్గా మళ్లీ రాదు. అందుకని ఆ రాత్రి పెద్దాణ్ని పొలానికి పంపకండి. ఇందులో నాకు అనుమానం లేదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. చదివింది బుర్రలో కుదురుకునేది కూడా ఆ నిద్రలోనే. రాత్రంతా చాళ్లు తిప్పి పొద్దున్నే హాల్లో కూర్చున్నవాడికి వచ్చిన లెక్క కూడా రాదు.

ఇది అనుభవం మీద చెబుతున్నాను. నాకు 14 ఏళ్లప్పుడు సైన్సు పరీక్ష ముందు రాత్రి నీళ్లకు వెళ్లి, గట్టు మీద కాసేపు నడుం వాల్చి నిద్రపోయాను. గట్టు తెగి నీళ్లు పక్కవాళ్ల చేల్లోకి పోయాయి. అప్పుడే విత్తనం వేసిన చేను అది. పొద్దున పరీక్ష రాస్తుంటే గోళ్లలో బురద కనిపిస్తూనే ఉంది. ఆ చేను మళ్లీ విత్తడానికి అయిన ఖర్చు మేమే పెట్టుకున్నాం. నిద్రమత్తులో ఉన్న పిల్లవాణ్ని కాపలా పెట్టినందుకు అటు చదువూ పోయింది, ఇటు నీళ్లూ పోయాయి.

సరే, వాడు లేకుండా ఆ రాత్రి ఎలా గడుస్తుంది? మీ ఉత్తరం చదువుతుంటే నాకు మనుషుల కొరత కంటే లెక్క కొరత ఎక్కువ కనిపించింది. "తెల్లారేదాకా నీళ్లు కట్టాలి" అన్నారు. ఎందుకు తెల్లారేదాకా? వంతు తెల్లారేదాకా ఉంది కాబట్టా, చేనుకి అన్ని నీళ్లు కావాలి కాబట్టా? చాలా ఇళ్లలో ఈ తేడా ఎవరూ చూడరు. నీళ్లు వస్తున్నాయి కదా అని పెడుతూనే ఉంటారు.

ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు నిలవాలంటే దాదాపు 4,047 లీటర్లు కావాలి. ఒక తడికి, అంటే ఒకసారి నీళ్లు పెట్టడానికి, 50 మిల్లీమీటర్లు ఇద్దామనుకుంటే ఎకరానికి సుమారు రెండు లక్షల లీటర్లు, మీ నాలుగెకరాల మొక్కజొన్నకు ఎనిమిది లక్షలు. ఇప్పుడు మీ పిల్ల కాలువలో ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలియాలి. దానికి మీటర్లేవీ అక్కర్లేదు. కాలువ తిన్నగా ఉన్నచోట పది మీటర్లు కొలిచి రెండు పుల్లలు గుచ్చండి. పై పుల్ల దగ్గర ఒక ఎండు బెండు ముక్క వదిలి, కింది పుల్ల దాకా రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 20 సెకన్లు పట్టిందనుకోండి, సెకనుకు అర మీటరు వేగం. పైన నీళ్లు కింద కంటే జోరుగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. కాలువ వెడల్పు 40 సెంటీమీటర్లు, లోతు 15 అయితే మొత్తం లెక్క సెకనుకు పాతిక లీటర్లకు తేలుతుంది. గంటకు 90 వేల లీటర్లు. అంటే ఎనిమిది లక్షలకు తొమ్మిది గంటలు. దారిలో ఇంకిపోయేవీ, చాళ్ల చివర దాటిపోయేవీ కలుపుకుంటే పదకొండు. మీ కాలువ కొలతలు వేరే ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. మీ 13 ఏళ్ల వాడు ఒక సాయంత్రం ఆటలా చేసేస్తాడు. పరీక్షల్లో ఇలాంటి లెక్కే రావచ్చు కూడా.

ఈ అంకె చేతిలో ఉంటే మీ ఆయనతో మాట ఎలా తెగుతుందో చూడండి. "వాణ్ని వదిలేయండి" అంటే అది బతిమాలడం. "ఈ తడికి ఒక చాలు విడిచి ఒక చాలు పెడితే అర్ధరాత్రి దాటి కాసేపటికి అయిపోతుంది, మీరొక్కరు సరిపోతారు" అంటే అది ప్లాను. చాలు విడిచి చాలు తడపడం కొత్తేమీ కాదు, నీళ్లు తక్కువైనప్పుడు ఎన్నోచోట్ల చేసేదే. తడిసిన చాలు నుంచి చెమ్మ పక్కకు పాకి బోదె (చాళ్ల మధ్య మట్టి గట్టు) మీది వేళ్లకు అందుతుంది. వచ్చే తడికి విడిచిన చాళ్లు తడుపుతారు. ఒక్క జాగ్రత్త. మొక్కజొన్న జల్లు (మొక్క కొనన వచ్చే పూత) వేసి, కండెకు పీచు వస్తున్న రోజుల్లో మాత్రం నీళ్ల దగ్గర పిసినారితనం వద్దు. ఆ దశలో ఎండితే గింజ పట్టదు, తర్వాత ఎంత పెట్టినా తిరిగి రాదు. మీ చేను ఆ దశలో ఉంటే చాళ్లన్నీ తడపండి, పెద్దాడి బదులు ఒక మనిషిని కూలికి పిలవండి. మీ అత్తగారికి చెప్పండి, ఒక్క రాత్రి కూలి ఇచ్చినంత మాత్రాన పరువేమీ పోదని.

ఇంకో దారి కూడా అడిగి చూడండి. మీ తర్వాతి వంతు ఎవరిది? వాళ్లింట్లో పరీక్ష రాసేవాళ్లు లేకపోతే వంతు మార్చుకోమనండి, ఈసారి వాళ్లు, వచ్చేసారి మీరు. చాలామంది అడగరు, మొహమాటం. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

వంతు ఒక రోజు వెనక్కి జరిగితే చేను తట్టుకుంటుందా అన్నది ఆకు చూసి కాదు, మట్టి చూసి చెప్పాలి. మధ్యాహ్నం ఎండకి ఆకు చుట్టుకోవడం మామూలే, సాయంత్రానికి విచ్చుకుంటే భయం లేదు. బోదె పక్కన జానెడు లోతుకు తవ్వి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్దై, దాని మీద వేలిముద్ర నిలిస్తే ఇంకా పదును ఉన్నట్టే. ముద్ద కట్టి, వేలితో పొడవగానే పగిలిపోతే తడి పెట్టే వేళ దగ్గరపడింది. అసలు ముద్దే కట్టకపోతే ఆలస్యమైనట్టు. ఇది కాస్త బరువు నేలలకు. ఇసుక నేల తడిగా ఉన్నా ముద్ద సరిగా కట్టదు, నీటిని పట్టి ఉంచేదీ తక్కువే. అక్కడ తడి వాయిదా వేయకండి.

పరీక్షల మూడు వారాలూ పిల్లలకు పొలం పని ఎంత అంటే, సాయంత్రం ఓ అరగంట. అది కూడా ఒళ్లు కదలడానికే. ఈ మూడు వారాల్లో భారం పెద్దవాళ్లదే, పంచుకోవడానికి దారి వెతక్కండి.

ఇప్పుడు సెలవుల సంగతి. పుస్తకాలు మూసిన మర్నాడే చేతికి పార ఇవ్వకండి. కనీసం ఓ వారం వాళ్లని లేచినప్పుడు లేవనివ్వండి, ఏ పనీ లేకుండా గట్ల మీద తిరగనివ్వండి. ఆ వారం ఇవ్వకపోతే సెలవులన్నీ పని అనిపిస్తుంది. ఇస్తే, ఎనిమిదో రోజు కొందరు వాళ్లంతట వాళ్లే పొలం దారి పడతారు. అందరూ కాదు లెండి, ఏడుగురిలో ఇద్దరైనా పడతారు.

పని పంచేటప్పుడు గంటల లెక్కన పంచకండి. "నువ్వు రెండు గంటలు, వాడు మూడు గంటలు" అంటే ఆ క్షణం నుంచి గొడవే. ఫలానా పని ఫలానావాళ్లది అని అప్పజెప్పండి.

మీ కవలలకు డ్రిప్పు అప్పజెప్పవచ్చు. పదేళ్ల పిల్లల కళ్లు చురుగ్గా ఉంటాయి, ఎక్కడ చుక్క పడటం లేదో వాళ్లకు కనిపించినట్టు మనకు కనిపించదు. గంటకు నాలుగు లీటర్లిచ్చే డ్రిప్పరైతే పదిహేను నిమిషాలకు లీటరు సీసా నిండాలి. వరుస మొదట్లో ఒక సీసా, మధ్యలో ఒకటి, చివర ఒకటి మట్టిలో పూడ్చి పెట్టమనండి. ముందు సీసా నిండి చివరిది సగానికే ఉంటే, ఒత్తిడి చాలడం లేదనో, లేటరల్లో, అంటే డ్రిప్పర్లుండే సన్న పైపులో, మట్టి పేరుకుందనో అర్థం. అప్పుడు లేటరల్ చివర మడత విప్పి నీళ్లు వదలాలి. మొదట గోధుమరంగు నీళ్లు, సన్నటి నాచు తీగలు చిమ్ముకుంటూ వస్తాయి, నిమిషం రెండు నిమిషాలకు తేటపడతాయి. తేటపడ్డాక మళ్లీ మడత వేసేయాలి. ఒకేసారి అన్నీ విప్పితే ఒత్తిడి పడిపోయి ఏదీ సరిగా కడగబడదు, రెండు మూడు చొప్పున విప్పాలి. ఏ వరుస ఎప్పుడు కడిగారో ఒక నోటుబుక్కులో రాయమనండి. నాకు తెలిసి చాలా పొలాల్లో డ్రిప్పు పాడయ్యేది పైపు మంచిది కాక కాదు, చివర్లు ఎవరూ విప్పక. ఫిల్టరు మాత్రం మోటారు ఆపాక, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే తీయాలి.

ఏడేళ్ల బాబుకి సీసాలు మోయడం, పుల్లలు గుచ్చడం, "ఐదో చాలుకి నీళ్లు వచ్చేశాయి" అని కేక వేయడం. అదీ పనే. వాడి పనికి కూడా నోటుబుక్కులో ఒక గీత గీయండి.

13 ఏళ్ల వాడు పగటిపూట మడవ తిప్పడం, అంటే నీళ్లను ఒక చాలు నుంచి ఇంకో చాలుకి మళ్లించడం నేర్చుకోవచ్చు, నాన్న పక్కన ఉండగా. చాలు సగంలో ఒక పుల్ల, చివర ఒక పుల్ల పెట్టి, నీళ్లు ఎప్పుడు ఎక్కడికి చేరాయో రాసుకుంటే రెండు తడుల తర్వాత ఏ చాలు ఎంతసేపు తీసుకుంటుందో వాడే చెబుతాడు. ఆ తర్వాత మీ ఆయన అస్తమానం నీళ్ల వెంట నడవక్కర్లేదు, ఫోనులో అలారం పెట్టుకుని గట్టు మీద కూర్చోవచ్చు.

పెద్దాడికి ఫలితాలు వచ్చేదాకా ఒక టెన్షన్, వచ్చాక ఇంకో టెన్షన్. వాడికి పని కావాలి కూడా, బుర్ర ఖాళీగా ఉంటే పాడవుతుంది. వాడికి ఒక ఎకరం మొక్కజొన్న పూర్తిగా అప్పజెప్పండి, నీళ్లు ఎప్పుడు ఎన్ని పెట్టాలో వాడే నిర్ణయించేలా. తప్పు చేస్తే చేయనివ్వండి. పంట వచ్చాక ఆ ఎకరంలో వాడికింత అని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. వాడి చదువు తర్వాత ఏమిటన్నది వేరే మాట, అది గట్టు మీద తేల్చకండి.

ఇక మీ పెద్దమ్మాయి. ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యమే రాశారు, నన్ను ఎక్కువసేపు ఆపేసింది అదే. మిగతావాళ్ల పని కంటికి కనిపిస్తుంది, తడిసిన చేను, కడిగిన లేటరల్. ఆ అమ్మాయి పని కనిపించదు. పొద్దున పాపకు తల దువ్వడం, అందరి కంచాలు కడగడం, పొలానికి అన్నం పంపడం, కవలల తగువు తీర్చడం. ఇవి బడి ఉన్నప్పుడూ ఉంటాయి, సెలవుల్లో ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి. సెలవులు లేవని ఆమె అన్నది కోపంతో అన్న మాట కాదమ్మా, లెక్క ప్రకారం నిజం.

ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఇంట్లో జరిగే పనులన్నీ ఒక పెద్ద కాగితం మీద రాయండి. పొలం పనే కాదు, గిన్నెలు, బట్టలు, పాపకు స్నానం, పెద్దావిడకు మందులు, అన్నీ. ప్రతి పని పక్కన ఇప్పుడు ఎవరు చేస్తున్నారో పేరు రాయించండి. ఆ కాగితం మీద ఆ అమ్మాయి పేరు ఎన్నిసార్లు వస్తుందో చూస్తే మీ ఆయన కూడా ఏమీ అనలేరు. తర్వాత పేర్లు మార్చండి. పెద్ద మగపిల్లలిద్దరికీ గిన్నెలు, వంటలో సాయం రావాల్సిందే, పార పట్టే చేతికి గరిటె బరువు కాదు. అమ్మాయికి పొలంలో ఏదైనా పని ఇష్టమైతే ఇవ్వండి. కూరగాయల రెండెకరాల నీటి టైమ్‌టేబుల్ మొత్తం ఆమెకు అప్పజెప్పి, ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో ఆమె చెబితే నాన్నే వినాలన్నట్టు ఉండాలి. ఇష్టం లేకపోతే ఇవ్వకండి. వారంలో ఒక పూర్తి రోజు మాత్రం ఆమెను ఎవరూ ఏ పనికీ పిలవకూడదు, మీతో సహా. ఆ రోజు పాప ఏడిస్తే మీరు లేవండి, లేదా వాళ్ల నాన్న లేస్తారు.

పిల్లలతో పొలం పని చేయించడం తప్పా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరం వెనక ఆ భయం ఉందనిపించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో తెచ్చిన 138వ ఒడంబడిక పనికి చేరే కనీస వయసును సాధారణంగా 15గా పెట్టింది. 13 నుంచి 15 మధ్య ఆరోగ్యానికీ చదువుకీ అడ్డురాని తేలిక పని చేయవచ్చంది, ప్రమాదమున్న పనికి 18 నిండాలంది. సొంత ఇంటి పొలానికి ఆ నియమాలు అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా కొలబద్దగా పనికొస్తాయి. ఇంటి పిల్లలైనంత మాత్రాన కరెంటు కనికరించదు కదా.

ప్రమాదమనగానే అందరికీ పాము గుర్తొస్తుంది. నిజమే, రాత్రిపూట బూట్లు, టార్చి లేకుండా ఎవరూ గట్టు దిగకూడదు. నాకు పాము కంటే మోటారు పెట్టె భయం. తడిచేత్తో, తడినేల మీద నిలబడి స్టార్టర్ నొక్కే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఎర్త్ సరిగా ఉందో లేదో, కరెంటు లీకైతే తెంపేసే బ్రేకరు ఉందో లేదో సెలవులకు ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. 18 లోపు వాళ్లు ఎవరూ ఆ పెట్టె తెరవకూడదు, పెద్దాడైనా సరే. అల్యూమినియం పైపులు వాడితే వాటిని ఎప్పుడూ అడ్డంగానే మోయాలి. లోపల ఎలుక దూరిందనో, మట్టి దులపాలనో నిలువుగా ఎత్తి, పైన తీగలకు తగిలి పోయినవాళ్లున్నారు. పాత బావిలో ఏదైనా పడితే పిల్లల్ని దింపకండి. అడుగున గాలి ఆడకపోవచ్చు, దిగినవాడు అరిచే టైమ్ కూడా ఉండదు.

నాలుగేళ్ల పాపకు పొలంలో ఏ పనీ లేదు, తోడు మాత్రం ఎప్పుడూ ఉండాలి. చిన్నపిల్లలు నీళ్లలో పడితే సినిమాలో లాగా కేకలు వేయరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు, జానెడు నీళ్లు చాలు. "అందరం ఉన్నాం కదా, ఎవరో ఒకరు చూస్తుంటారు" అనుకునే పెద్ద కుటుంబాల్లోనే ఇది ఎక్కువ భయం. ఫలానా గంట పాప ఎవరి చేతిలో ఉందో పేరు చెప్పగలగాలి. నేనొక ఇంట్లో చూశాను, ఒక పాత స్కార్ఫు ఉండేది. అది ఎవరి మెడలో ఉంటే పాప బాధ్యత వాళ్లది, ఇంకొకరి మెడలో వేసేదాకా దిగేది కాదు.

ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున, సాయంత్రం నీళ్లు పెడితే ఆవిరయ్యేదీ తక్కువ, పిల్లలకూ సుఖం. తలనొప్పి, వికారం అన్న పిల్లవాణ్ని "కాసేపు ఓర్చుకో" అనకండి. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లు తడిపి, నీళ్లు తాగించండి. తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా ఆసుపత్రికే.

మీ ఆయనతో ఇవన్నీ ఒకేసారి మాట్లాడకండి. ముందు ఈ ఆదివారం ఆ బెండు ముక్క, పుల్లలతో కాలువ కొలిపించండి. మోటారు నీళ్లు కూడా కొలవండి. 20 లీటర్ల బకెట్ నాలుగు సెకన్లలో నిండితే గంటకు 18 వేల లీటర్లు. రెండు అంకెలూ ఒక చీటీ మీద రాసి స్టార్టర్ పెట్టె బయట అంటించండి. రెండో వంతు ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి ఆపాలో ఆ చీటీ చూసి మీ ఆయనే చెబుతారు. చాలు విడిచి చాలు తడపడం కుదిరితే ఒంటిగంట లోపే వచ్చేస్తారు. కుదరకపోతే ఆ రాత్రికి మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, రెండు రోజుల ముందు అడిగితే దొరకరు.